పీపీ నంబరు

మా అత్త శాంతమ్మ ఆ ఫోనును ఏనాడూ "మా ఫోను" అనలేదు. "కంపెనోళ్ల ఫోను" అనేది. పొత్తుకు తెచ్చుకున్న బర్రెను చూసుకున్నట్టు చూసుకునేది దాన్ని. రోజూ తడిగుడ్డతో తుడిచి, మీద తను కుట్టిన పూల గుడ్డ కప్పి, గోడ గూట్లో పెట్టేది. నేను కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో ఆ గుడ్డ ఎత్తి చూడబోతే, "జర పైలం బిడ్డా, మనది కాదది, కిరాయిది" అంది. మంచాలు మావే, బిందెలు మావే, మొగుడు నావాడే. ఆ ఒక్కటే పరాయిది కాబట్టి దానికున్న మర్యాద ఇంట్లో ఇంకెవరికీ లేదు.

అప్పట్లో ఫోను కొనుక్కునే వస్తువు కాదట. ఉన్నదే ఒక్క కంపెనీ. పేరు రాయించుకుని ఎదురుచూడాలి. బడిలో అటెండరుగా చేసిన మా మామ జయరాజు, పేరు రాయించిన సంగతే మరిచిపోయాక, ఒకనాడు కంపెనీ వాళ్ళు ఇటిక్యాల నుంచి స్తంభాలు పాతుకుంటూ మా ఊరికి వచ్చారట. పెట్టేటప్పుడే చెప్పారట, ఇది కంపెనీ సొత్తు, విప్పొద్దు, రంగు వేయొద్దు, నెలనెలా కిరాయి కట్టాలి, వద్దనుకున్ననాడు తెచ్చి అప్పగించాలి అని. మామ పోయాక కూడా అత్త ఆ మాటలను బైబిలు వాక్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పేది.

మా వాడ మొత్తానికి అదొక్కటే ఫోను. అందరి పెళ్లికార్డుల మీదా, పొరుగింటి ఫోనని తెలిసేలా పక్కన "పీపీ" అని వేసి, మా నంబరే ఉండేది. పూనాకు, బొంబాయికి గుంపు మేస్త్రీల వెంట పోయిన వాళ్ళందరి జేబుల్లోనూ అదే నంబరు. ఆదివారం పని ఉండదు, పైగా ఫోను రేటు తక్కువ. చర్చి వదిలేసరికి మా వాకిలి ఆడవాళ్ళతో నిండిపోయేదట. మోగగానే అత్త ఎత్తి, ఎవరు కావాలో అడిగి, "పెట్టెయ్, జర ఆగి చెయ్, పిలిపిస్త" అని, నా పెనిమిటి జయపాల్‌ను తరిమేది. అతను పిలుచుకొచ్చి, ఆ గూటి కిందే గోడకానుకుని కూర్చుని అందరి మాటలూ వినేవాడు. ఎవరి మాటలు ఎట్లా మొదలైనా, మధ్యలో ఎన్ని ఏడుపులున్నా, ముగింపు మాత్రం ఒక్కటే. "మళ్ల ఐతారం చేస్త." మళ్ళీ ఆదివారం చేస్తానన్న ఆ మాట అంటేనే ఫోను పెట్టినట్టు. అనకుండా పెట్టేస్తే ఇక్కడ విన్న తల్లికి ఆ వారమంతా అన్నం సయించేది కాదు.

తర్వాత అందరి చేతుల్లోకీ సెల్లులు వచ్చాయి. వాకిలి ఖాళీ అయింది. మిగిలింది మా వాడ రుక్కమ్మత్త ఒక్కతే. ఆమె కొడుకు ప్రభుదాసు పూనాలో ఉండగా ఒక ఆదివారం ఫోను చేసి, మేస్త్రీతో పడట్లేదు, వేరే పనికి పోతున్నానన్నాడు. మళ్ల ఐతారం చేస్తనన్నాడు. చెయ్యలేదు. నా పెళ్లికంటే ముందు మాట అది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆమె చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వస్తుంది, గూటి కింద కూర్చుంటుంది, పొద్దుగూకితే లేచి వెళ్తుంది. వాడికి ఈ నంబరు తప్ప ఇంకోటి తెలియదు కాబట్టి మా అత్త కిరాయి కట్టడం మానలేదు.

మొన్నటి ఎండాకాలం మొదట్లో కంపెనీ మనిషి మోటారుసైకిల్ మీద వచ్చాడు. ఈ పాత వైరు లైన్లన్నీ తీసేస్తున్నారట. వానలు మొదలయ్యే మిరుగు కార్తె లోపల ఫోను తెచ్చి గద్వాల ఆఫీసులో అప్పగించమన్నాడు.  అతను పోయాక అత్త గుడ్డ తీసి, అప్పటికే తుడిచిన ఫోనును మళ్ళీ తుడిచింది.

"రుక్కమ్మక్కకు ఎవలు చెప్తరు?" అంది కాసేపటికి.

జయపాల్ ఆటో తాళం చేతిలో తిప్పుతూ నా వైపు చూశాడు. నేను కుట్టుమిషను వైపు చూశాను. అప్పటికి చెప్పడం ఎవరి వల్లా కాలేదు.

ఆ వారంలోనే రుక్కమ్మత్త నల్లా దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. మిట్టమధ్యాహ్నం. ఎవరూ చూడలేదు. ఎండలో ఎంతసేపు పడి ఉందో తెలియదు. జయపాలే ఆటోలో గద్వాల దవాఖానకు తీసుకెళ్ళాడు. నెత్తురు లేదన్నారు, ఒక్కపూట తిండితో ఉంటే ఇంతేనన్నారు, రెండు కళ్ళకూ పొర వచ్చిందన్నారు. పాన్‌గల్ నుంచి ఆమె బిడ్డ వనజ పరుగెత్తుకొచ్చింది. అమ్మను తీసుకుపోతానంది. తల్లి ససేమిరా అంది.

"నేనొస్తే ఆడు ఫోన్ చేసిననాడు ఎవలెత్తాలె?"

"నేనెత్తుత గదక్కా" అంది మా అత్త.

"నువ్వెత్తుతవు. ఆడు మా అమ్మను పిలువుమంటడు. యాడికెల్లి పిలుస్తవు?"

 వనజ నా మిషను పక్కన కూలబడి కళ్ళు తుడుచుకుంది. "వదినా, ఇంకోసారి గిట్ల పడితే మీరు ఫోన్ చేసేది దవాఖానకెల్లి కాదు, సమాధుల కాడికెల్లి" అంది. వెళ్ళేటప్పుడు నా చేతిలో చెయ్యేసి, "ఎట్లన్న చేసి ఒప్పియ్యి" అంది.

ఎట్లన్న చేసి అన్నది ఆమె. ఆ మాటను నేనెంత దూరం లాక్కుపోయానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. మంచి ఆలోచనలన్నీ నాకే వస్తాయని నాకొక గీర ఉంది. ఆ రాత్రి అన్నం పెడుతూ జయపాల్‌తో అన్నాను.

"ప్రభుదాసు చెప్తే ఇంటది గదా. నువ్వు ప్రభుదాసువై చెప్పు."

మొదట అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక ముద్ద పళ్ళెంలో పడేశాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా?"

"ఒక్కటే సారి. మంచిగున్న, ఫికర్ చెయ్యకు, అక్క తానికి పో. గీ మూడు మాటలే. ఆ ఫోన్ల ఎవల నంబరూ కనపడదు. గరగర సప్పుడుల గొంతు గూడ గుర్తువట్టదు. ముసలామె పాన్‌గల్ పోయి కడుపునిండ తింటది. లైను పోయింది గూడ ఆమెకు తెల్వదు."

"వనజకు?"

"వనజకు మనమే చెప్దాం."

అతను రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు ఎర్రవల్లి చౌరస్తా నుంచి వస్తూ, దారిలో రుక్కమ్మత్త గోడలు పట్టుకుని నడవడం చూశాడట. సరేనన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక అత్త ఆడవాళ్ళ కూడికకు ఆగింది. జయపాల్ ఆటో తీసుకుని కాలువ గట్టుకు పోయాడు. రుక్కమ్మత్త తన చోట తను కూర్చుంది. ఎన్నో నెలలుగా కంపెనీ వాళ్ళ టేపు మాటలకు తప్ప మోగని ఫోను మోగింది. నేనెత్తి, అనుకున్నట్టే, "ఆఁ, ఉన్నది, ఉన్నది" అని ఆమె చేతిలో పెట్టాను. 

ఆ పాత ఫోనులో మాట పక్కనున్న వాళ్ళకు కూడా వినపడేది.

"అమ్మా, నేను. ప్రభుదాసును."

ఆమె రెండు చేతులతో ఫోనును చెవికి అదుముకుంది. చాలాసేపు ఏమీ అనలేదు. 

"అమ్మా, ఇనవడుతుందా?"

"ఇనవడుతుంది బిడ్డా. తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న."

"నేను మంచిగున్న. నా గురించి ఫికర్ వెట్టుకోకు. నువ్వు అక్క తానికి పోయి ఉండు. మందులేసుకో."

"సరే బిడ్డా. ఏసుకుంట."

అంతే, పని అయిపోయింది.  అప్పుడు వినపడింది నా మొగుడి గొంతు, ఏ తడబాటూ లేకుండా, పుట్టినప్పటి నుంచీ వచ్చిన మాటలాగా.

"ఉంట మరి. మళ్ల ఐతారం చేస్త."

రుక్కమ్మత్త ఫోనును కాసేపు గుండెకు ఆనించుకుని, నా చేతికిచ్చింది. "మళ్ల ఐతారం జేస్తడంట" అంది. కొంగు నడుముకు దోపుకుని లేచింది. గోడ పట్టుకోకుండా గడప దాటింది.

జయపాల్ రాగానే వాకిట్లోనే అడ్డం పడ్డాను. "ఏమన్నవో తెలుసా నువ్వు?"

"ఏమన్న?"

చెప్పాను. అతను ఆటో మెట్టు మీద కూర్చుండిపోయాడు. తను ఆ మాట అన్నట్టే అతనికి తెలియదు.

"నోటికొచ్చేసింది కృపా. ఫోన్ పెట్టాలంటే మరేమనాలె?" అన్నాడు. అడిగింది నిజంగానే అడిగాడు. ఆ గూటి కింద పెరిగిన మనిషికి ఇంకో ముగింపు తెలియదు. తప్పు అతనిది కాదు. కొరివితో తల గోక్కోమని ఇచ్చింది నేను.

సాయంత్రం వనజ నుంచి ఫోను. వాడలో ఎవరో అప్పుడే చెప్పేశారు. హలో అనకముందే ఏడుపు.

"వదినా, నిజమేనా? తమ్ముడేనా?"

చెబుదామని నోరు తెరిచాను. దేవుడు సాక్షిగా తెరిచాను.

"పోయినేడు ఈస్టరు తెల్లారి సమాధుల కాడ మా నాయిన పక్కన వాడికి గూడ ఒక కొవ్వొత్తి ముట్టిద్దామనుకున్న వదినా. ఆశ ఇడిసిపెట్టిన. పుల్ల గీసిన గని చెయ్యి రాలే. ఎంత మంచిదైందో సూడు, ముట్టియ్యలే."

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. నోరు మూసుకున్నాను. "ఆఁ, వనజా" అన్నాను. ఆ "ఆఁ" అన్నదే అసలు అబద్ధం. జయపాల్‌ది నటన. నాది నమ్మకద్రోహం.

రుక్కమ్మత్త పాన్‌గల్ పోలేదు. ఎందుకు పోతుంది? వచ్చే ఆదివారం కొడుకు ఫోను ఉంది. ఇన్నాళ్ళూ చేస్తాడేమోనని కూర్చున్న మనిషికి ఇప్పుడు చేస్తానన్న మాట దొరికింది. కదిలిద్దామని చూసి మేమే మేకు కొట్టి బిగించేశాం. ఆదివారం చెయ్యకపోతే చచ్చిపోతుందేమోనని భయం వేసి జయపాల్ మళ్ళీ చేశాడు. తర్వాతి ఆదివారమూ చేశాడు. ఆ మాట అనకుండా పెట్టేద్దామని ప్రతిసారీ అనుకునేవాడు. చివర్లో అవతల ఆమె ఊపిరి బిగబట్టి ఆగేది. అనేసేవాడు.

అత్తకు చెప్పాల్సిన పని పడలేదు. ఒక ఆదివారం కూడిక నుంచి పెందలాడే వచ్చి, గుమ్మంలో నిలబడి, ఫోనులోంచి వస్తున్న కొడుకు గొంతు విన్నది. ఎన్ని వందల గొంతులు విన్న చెవి అది. రుక్కమ్మత్త వెళ్ళేదాకా ఆగి, కాళ్ళు కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చుంది.

"గీ ఫోన్ల అబద్ధాలు కొత్త కాదు కృపా. పస్తులుండి తిన్నమని చెప్పిన్రు. చెయ్యి ఇరిగినోడు మంచిగున్న అన్నడు. అన్నీ ఇన్న. గని చెప్పినోడు ఆ తల్లి కొడుకే గదా. మాట అబద్ధమైతే ఏందిగని, మనిషి అసలోడు."

"ఆపేస్తం అత్తమ్మా."

"ఎట్ల ఆపుతవు?" అంది ఆమె. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ తర్వాత ఆదివారాలు మాత్రం చర్చిలోనే ఉండిపోయేది, అందరూ పోయాక కూడా.

అసలు ఘోరం ఏమిటంటే ముసలామె బాగుపడింది. మందులు వేసుకుంది, కొడుకు చెప్పాడని. రెండు పూటలా తింది. ఆదివారం తలకు నూనె రాసి, క్రిస్మస్ చీర కట్టుకుని వచ్చేది. ఫోనులో ఏమంత మాటలు ఉండేవి కావు. కోడి పొదిగింది, మామిడికాయ ముక్కలు ఎండేసింది, ఇటిక్యాల దిక్కు మబ్బు పట్టింది, ఇవే. ఎక్కడున్నావంటే ఏం చెప్పాలో మేము ముందే అనుకుని పెట్టుకున్నాం, సూరత్ అని. పెళ్లయిందా అంటే, ఎప్పుడొస్తవంటే, అన్నిటికీ జవాబులు తయారు. ఆమె ఒక్కటీ అడగలేదు. మా అదృష్టమనుకున్నాను. పాపం చేస్తూ అదృష్టం లెక్కపెట్టుకునే బుద్ధి నాది.

ఒక ఆదివారం జయపాల్‌కు జలుబు. మాటల మధ్యలో దగ్గు ఆపుకోలేకపోయాడు. ఆ సాయంత్రం రుక్కమ్మత్త కొంగులో వాము కట్టుకొచ్చి నాకిచ్చింది. "జయపాలుకు దగ్గున్నట్టుంది, కషాయం కాసియ్యి" అంది. వీధిలో దగ్గుతుంటే విని ఉంటుందనుకున్నాను. నేనప్పుడు ఏదనుకోవడం సుఖమో అదే అనుకునేదాన్ని.

ఆ పై ఆదివారం వనజ వచ్చింది. తమ్ముడి గొంతు వినాలని పొద్దున్నే బస్సెక్కి, వాడికిష్టమని గారెలు వండుకుని వచ్చింది. ఫోనుకు గారెలు పెట్టేదెట్లా అని ఆమె నవ్వుకుంటూనే గిన్నె గూటి పక్కన పెట్టింది. నేను పెరట్లోకి పోయి జయపాల్‌కు ఫోను చేశాను. "చెయ్యకు" అన్నాను. తల్లికి వయసుంది, చెవి మోసపోవచ్చు. వనజ దగ్గర ఈ ఆట సాగదు.

చర్చి వదిలినప్పటి నుంచి పొద్దుగూకేదాకా వనజ ఆ ఫోను ముందు కూర్చుంది. మోగలేదు. మధ్యలో రెండుసార్లు ఎత్తి, లైను ఉందో లేదో చెవి పెట్టి చూసింది. నేను మిషను మీద ఒకటే జాకెట్టును కుట్టి విప్పి కుట్టాను.

"నా మీద అలిగిండా అమ్మా? నేనేం తప్పు చేసిన?"

"తప్పు నీది కాదు బిడ్డా. నీతోని మాట్లాడనీకె సిగ్గైతుంది వాడికి" అంది రుక్కమ్మత్త. కూతురి వీపు నిమురుతూ, "నువ్వు పో. చీకటైతుంది" అంది.

వనజ గారెల గిన్నె మా ఇంట్లోనే వదిలి వెళ్ళింది. వాడలో పిల్లలకు పెట్టమంది. జయపాల్ వచ్చి ఆ గిన్నె చూసి, ఏమిటని అడిగి, చెప్పాక తినకుండా పడుకున్నాడు.

మిరుగు దగ్గరికొచ్చింది. కంపెనీ మనిషి మళ్ళీ వచ్చి, ఇంకా ఇవ్వనిది మీరొక్కరేనన్నాడు. ఇక చివరి ఆదివారం. ఏం చెప్పాలో ఈసారి నేను జయపాల్‌కు చెప్పలేదు. నాకా అర్హత లేదనిపించింది. అతనే మాట్లాడాడు.

"అమ్మా, ఈ లైను తీసేస్తున్రంట. ఇగ ఈ నంబరు ఉండదు. నువ్వు అక్క తానికి పో."

"తెలుసు బిడ్డా. శాంతమ్మ చెప్పింది." ఆమె గొంతు తొణకలేదు. "పోత. ముల్లె కట్టుకున్న. గని నువ్వు అక్క నంబరు రాసుకో."

చదువు లేని రుక్కమ్మత్త, వనజ సెల్ నంబరును రెండేసి అంకెలుగా, బడిపిల్ల ఎక్కం చెప్పినట్టు చెప్పింది. ఎన్ని రోజులు కష్టపడి నేర్చుకుందో. 

"రాసుకున్నవా?"

"రాసుకున్న."

"ఏదీ, చెప్పు."

కాలువ గట్టున కాగితమూ కలమూ లేని నా మొగుడు ఆ నంబరు తప్పు లేకుండా తిరిగి చెప్పాడు. వనజను దవాఖానకు పిలిపించింది అతనే కాబట్టి ఆ నంబరు అతనికి వచ్చు. ఇక ఫోను పెట్టేసే వేళయింది. అతను ఆ మాట అనలేదు. పళ్ళ బిగువున ఆపుకున్నాడు.

"మళ్ల ఐతారం చెయ్యి" అంది ఆమె.

మర్నాడు వనజ వచ్చి తల్లిని తీసుకుపోయింది. ఇన్నాళ్ళూ కాని పని అంత తేలిగ్గా జరిగిపోయింది. రుక్కమ్మత్త ఆటో ఎక్కేముందు మా అత్త ఫోను మీది పూల గుడ్డ తీసి మడిచి ఆమె చేతిలో పెట్టింది. "గిది మాత్రం కంపెనోళ్లది కాదక్కా. నేను కుట్టింది" అంది.

ఫోనును అత్తే స్వయంగా గద్వాల తీసుకెళ్ళింది, నేను తోడు పోయాను. గుడ్డ లేకుండా బోడిగా ఉందని తువ్వాలలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఆఫీసులో ఒక గది నిండా ఫోన్లే, ఎర్రవి, నల్లవి, దంతం రంగువి, తీగలు చిక్కుపడి గుట్టగా ఉన్నాయి. అక్కడి మనిషి మా ఫోను తీసుకుని గుట్ట మీదికి విసిరాడు. అత్త ఒక్క అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. "పని చేస్తుండె అది" అంది. అతను వినిపించుకోలేదు. ఏ వస్తువైనా తీసుకున్నంత మంచిగా తిరిగి ఇచ్చిన మనిషి నాకు తెలిసి ఆమె ఒక్కతే. ఆ ఫోనులో మేము చేసింది మాత్రం తుడిస్తే పోయేది కాదు.

ఆదివారం వచ్చింది. చర్చి అయ్యాక జయపాల్ ఇంట్లోనే కూర్చున్నాడు. సెల్ ముందు పెట్టుకుని చూస్తున్నాడు. చేస్తే వనజ ఫోను మీద పడేది "జయపాలన్న" అనే పేరే. కిరాయి ఫోనుకు కళ్ళు లేవు కాబట్టి ఇన్నాళ్ళూ సాగింది.

"కొత్త సిమ్ము తీసుకుంట" అన్నాడు.

"తీసుకుని? వనజ ఎత్తుతది. తమ్ముడా అంటది. ఏమంటవు?"

పొద్దు వాలుతుండగా నా సెల్ మోగింది. వనజ.

"వదినా, అమ్మ నా ఫోను ఒళ్ళె పెట్టుకుని కూసున్నది. చర్చికెల్లి వచ్చినప్పటిసంది గట్లనే. నీతోని మాట్లాడనీకె ఇప్పుడు గుంజుకుంటే గూడ, జల్ది పెట్టు, వాడు చేస్తడంటది. ఆడ ఎప్పుడు చేస్తుండె వదినా? ఏ టైముకు?"

 ఎదురుచూపును ఊరు మార్చి పంపించాం, అంతే. మా గూటి కింద నుంచి తీసి వనజ ఇంట్లో పెట్టాం. ఇప్పుడు ఇద్దరు ఎదురుచూస్తున్నారు.

పై ఆదివారం కూడా అట్లాగే గడిచింది. తల్లి మళ్ళీ తినడం మానేసిందని వనజ చెప్పింది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. జయపాల్ ఆ వారమంతా ఆలోచించి, "పోయి కాళ్ళమీద పడి చెప్పొస్త. నువ్వు గూడ రా" అన్నాడు. మూడో ఆదివారం పొద్దున్నే, ఆటోను చౌరస్తాలో వదిలి, వనపర్తి మీదుగా పాన్‌గల్ బస్సు దిగాం. దారిలో అక్కడక్కడా విత్తనాలు పడ్డాయి. కంది మొలిచింది. ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. మా ఇద్దరికే ఏ పనీ లేనట్టు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం.

వనజ ఇంటి పంచలో మంచం మీద రుక్కమ్మత్త కూర్చుని ఉంది. అదే క్రిస్మస్ చీర. తలకు నూనె. ఒళ్ళో సెల్, దాని మీద మా అత్త కుట్టిన పూల గుడ్డ. మనిషి సగమైపోయింది. వనజ మమ్మల్ని చూసి ముఖమంతా నవ్వయి, "కూసో అన్నా, కూసో వదినా, నీళ్ళు తెస్త" అని లోపలికి వెళ్ళింది. ఆ నవ్వు చూడలేక నేను చెప్పులు విడిచే పని పెట్టుకున్నాను.

జయపాల్ మంచం కింద నేల మీద కూర్చున్నాడు. మా గూటి కింద కూర్చున్నట్టే.

"పెద్దమ్మా" అన్నాడు.

ఆమె గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. "జయపాలూ, నువ్వా. దగ్గు తగ్గిందా?"

"తగ్గింది. పెద్దమ్మా, నీకొక మాట చెప్పాలె. ఆ ఫోను..."

ఆమె చెయ్యి చాపి తడుముకుంటూ అతని తల మీద పెట్టింది. లోపల వనజ కుండ మీది మూత తీస్తున్న చప్పుడు వినపడుతోంది. ఆమె కొంచెం ముందుకు వంగి, గొంతు తగ్గించింది.

"నువ్విట్లొస్తే ఎట్ల బిడ్డా? ఐతారం గద. ఫోనెవలు జేస్తరు మరి?"

 ఎక్కడున్నావని ఆమె ఒక్కసారీ ఎందుకు అడగలేదో, వాము ఎందుకు తెచ్చిందో, వనజ వచ్చినరోజు వీపు నిమురుతూ ఏమందో, అన్నీ నాకు ఒక్కసారే తెలిశాయి. మొదటి ఆదివారం మొదటి మాటకే ఆమెకు తెలుసు. కన్నకొడుకు గొంతు కాదని తెలిసి, తిన్నవా అని అడిగింది. మేము ఆమెను మోసం చెయ్యనే లేదు. ఆ ఇంట్లో మోసపోయింది ఒక్కతే ఉంది, మాకోసం నీళ్ళు ముంచుతోంది.

జయపాల్ లేచాడు. నా వైపు చూడకుండా, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచాడు. ఆపాలనిపించింది. ఆపలేదు. వనజ చెంబుతో బయటికొచ్చి, "అన్న యాడికి పోయిండు?" అంటుండగానే, గుడ్డ కింద ఫోను మోగింది.

వనజ చెంబు కింద పెట్టేసింది. "అమ్మా, వాడేనేమో" అంటూ గుడ్డ తీసి, ఫోను చేతిలోకి తీసుకుంది. అద్దం మీది పేరు చదివింది. అది ఇంకా మోగుతూనే ఉంది. ఆమె వీధి వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

"ఎవలే? వాడేనా?" అంది రుక్కమ్మత్త, రెండు చేతులూ చాచి.

వనజ ఫోను ఎత్తి తల్లి చెవికి ఆనించింది.

"ఆఁ అమ్మా. వాడే" అంది.

ఆ తర్వాత నేనక్కడ ఉన్నంతసేపూ నా వైపు చూడలేదు.